చాలునన్న చేయి

వంట వచ్చినవారు ఊరికి పదుగురుందురు. వడ్డన వచ్చినవారు ఒక్కరున్నను ఆ యూరు అదృష్టము చేసికొన్నదని నా నమ్మకము. ఈ నమ్మకము నాకు మా అమ్మవలన కలిగినది. ఆమె మమ్ములను కని పెంచుచునే, వైనతేయ గోదావరి గట్టుననున్న మా చిన్న యూరిలో శ్రీరామనవమి సంతర్పణము మొదలు కార్తిక వనభోజనముల దాక, పేదింటి పెండ్లి మొదలు పెద్దింటి దినవారముల దాక, పిలిచినను పిలువకున్నను, కొంగు నడుమున దోపి పందిరిలో నిలిచిన మనిషి. ఆ పనికి ఆమెకెవరును పదవి నీయలేదు. ఈయవలెనను ఊహయైనను ఎవరికి కలిగినట్లు లేదు. ఆమె పోయిన పిమ్మట నాలుగు మాటలు వ్రాయుమని బంధువులు కోరగా, సుగుణములను వరుసగా పేర్కొనుటకు మారుగా ఆమె విద్యనే వర్ణించుట మేలని తోచినది.

సంతర్పణమునాటి తెల్లవారుజామున గాడిపొయ్యి త్రవ్వించుటతో ఆమె పని మొదలయ్యెడిది. గాలివాలు చూచి గాడి తీయవలెను. లేనిచో పొగ వంటవారి కన్నులలోనికిని, మంట గుండిగ వెలుపలికిని పోవును. మనిషికి సోలెడు బియ్యము చొప్పున, కుంచమునకు 16 సోలలు గనుక కుంచమునకు 16 మంది యని లెక్క కట్టి, ఆపైన ప్రతి కుంచమునకు ఒక తవ్వ అధికముగా పోయించెడిది. ఆ తవ్వ యెవరికని పెద్దలడిగినచో, ‘రావడానికి మొహమాటపడి ఆఖర్న వచ్చేవాళ్ళు ఉంటారు కదండీ, వాళ్ళకి’ అని జవాబు. ఎసరు మరిగి, బియ్యము పడి, మెతుకు నొక్కి చూచిన లోపల సన్నని పలుకు మిగిలియుండగానే గంజి వార్చి, నిప్పులమీద ఉమ్మగిల్లనిచ్చి, చాపపై పఱచిన తెల్లని బట్టమీద అన్నమును రాశి పోయువఱకు జరుగునదంతయు పాకశాస్త్రము. శ్రద్ధ గలవారెవరైనను నేర్వగలరు. ఆమె విద్య ఆపైన ఆరంభమయ్యెడిది.

ముద్దపప్పు, నేయి, కందబచ్చలి కూర, పులిహోర, బూరె, గుమ్మడికాయ పులుసు, చారు, మజ్జిగ అను వరుసయు, ఆకు కొస తినువాని యెడమవైపునకుండవలెనను మర్యాదయు మా వైపు అందఱెఱిగినవే. వడ్డనకు దిగిన కుఱ్ఱవాండ్రు వంచిన నడుము ఎత్తక, ఆకులనే చూచుచు బంతి యీ కొసనుండి ఆ కొసకు పరుగెత్తుదురు. అమ్మ ఆకును చూడదు, చేతిని చూచును. పప్పన్నమునందే చేయి మందగించి, ఉన్న నాలుగు మెతుకులను వ్రేళ్ళతో కూర్చుచు విడదీయుచు కాలము గడపువాడు కడుపు నిండినవాడు కాడనియు, కూర వచ్చుదాక అన్నము మిగులునో మిగులదో యని లోలోన లెక్కించుకొనుచున్నవాడనియు ఆమె దూరమునుండియే పసిగట్టెడిది. ‘చాలు, చాలు’ అనుచు ఆకుమీద చేయి యడ్డము పెట్టువారిలో సైతము ఆమెకు రెండు తెగలు కనబడెడివి. నాకు మొదటిసారి అన్నపు పళ్ళెమును హస్తమును చేతికిచ్చి పందిరిలోనికి పంపునప్పుడు ఆమె చెప్పిన మాటలివి: ‘అరచెయ్యి ఆకుకి ఆనితే నిజంగా చాలినట్టురా. పైకెత్తి పట్టుకున్నాడా, అది మొహమాటం. ఆ చేతి పక్కనించి ఇంకో హస్తం వేసెయ్యి. నువ్వు మాత్రం వాడి మొహంకేసి చూడకు.’

ఆ విద్య యంతయు చివరి వాక్యముననే యున్నదని నాకిప్పుడు తోచుచున్నది. దాతయనిపించుకొనుటకు ధనముండవలెను, ధనము లేనిచోట మనసుండవలెను. ఈ రెండును గలవారు మన దేశమున కొఱవడలేదు. కాని యడుగుటలోని చిన్నతనమును ఎదుటివానికి తప్పించుట ధనమువలనను కాదు, ఒట్టి మనసువలనను కాదు. అది చేతివాటముగా అభ్యసింపవలసినది. పెట్టినవాడు తినువాని కన్నులలో కృతజ్ఞతను వెదకనారంభించిన క్షణముననే ఆ యన్నమునకు వెల కట్టినవాడగును, తినువానికిని ఆ సంగతి తెలిసిపోవును.

కన్నబిడ్డలమగు మాకు ఈ విద్యవలన ఒరిగినదేమియు లేకపోగా కొంత నష్టమే కలిగినది. ఒక నవమినాడు నేను బంతిలో కూర్చుండి, బూరెకు చిల్లు పొడిచి, వడ్డించునది మా అమ్మయే గదాయని నేతికై ధీమాగా ఎదురుచూచుచుంటిని. ఆమె గోకర్ణము వంచి, అందఱికి పోసినంతయే నాకును పోసి, నన్నెఱుగనిదానివలె ముందునకు సాగిపోయెను. పంక్తివంచన మహాపాతకమని పెద్దలందురు. కాని ఆమె భయము పాపమును గూర్చినది కాదు. ఇంటికి వచ్చి అలిగి కూర్చున్న నాతో, ‘నీ పక్కనున్న పిల్లాడికి అక్కడ అమ్మ లేదు కదరా నాన్నా’ అని మాత్రము అనెను. ఆ సమాధానము నాకప్పుడు నచ్చలేదు. బూరె విషయమున ఇప్పటికిని పూర్తిగా నచ్చినదని చెప్పజాలను.

కోనసీమలో వడ్డన ప్రస్తావన వచ్చి డొక్కా సీతమ్మగారి పేరు రాకుండుట కలుగదు. 1841లో మండపేటయందు అనుపిండి భవానీశంకరముగారికి జన్మించి, లంకలగన్నవరమునకు డొక్కా జోగన్నపంతులుగారి యింటి కోడలుగా వచ్చి, 1909 ఏప్రిల్ 28న కన్ను మూయువఱకు వేళాపాళా లేక వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన తల్లి యామె. తండ్రినే జనులు బువ్వన్న యని పిలిచెడివారట; కనుక ఈ గుణము పుట్టినింటి సొత్తే. హోటళ్ళు లేని కాలమున, రేవు దాటవలసిన బాటసారులకు, పడవ దొరకని యాత్రికులకు ఆ యిల్లు ఎంతటి ఆధారమో నేటివారికి ఊహకందదు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక సందర్భమున ఢిల్లీ దర్బారుకు ఆహ్వానము రాగా, తాను వెళ్ళినచో వచ్చినవారికి వడ్డించునదెవరని ఆమె నిరాకరించెననియు, అధికారులు పట్టుబట్టి ఆమె ఛాయాచిత్రమైనను తీయించి పంపిరనియు మావారు గర్వముతో చెప్పుకొందురు.

అమ్మకు ఆ దర్బారు కథ అంతగా పట్టెడిది కాదు. ఆమె మరల మరల చెప్పినది అంతర్వేది కథ. నృసింహస్వామి దర్శనమునకై సీతమ్మగారు పల్లకిలో పోవుచుండగా, ఎదురుగా వచ్చుచున్న బాటసారులు ఆకలికి ఏడ్చు పిల్లలను ‘ఇంకాసేపు ఓర్చుకోండి, సీతమ్మగారి ఇల్లు వచ్చేస్తుంది’ అని ఊరడించుట ఆమె చెవినబడెనట. వెంటనే పల్లకి వెనుకకు త్రిప్పించి, వారికన్న ముందుగా ఇల్లు చేరి, వంట చేయించి వడ్డించెనట. ‘ఆకలి అన్న మాట విని కాదురా ఆవిడ వెనక్కి తిరిగింది. తన ఇల్లు నమ్ముకుని నడుస్తున్నారని విని’ అని అమ్మ వ్యాఖ్యానము. కథలోని నిజమెంతయో చరిత్రకారులు తేల్చుకొందురు గాక; వైనతేయపాయపై కట్టిన క్రొత్త అక్విడక్టునకు సీతమ్మగారి పేరు పెట్టినవారు మాత్రము పేరునకు తగిన చోటే వెదకిరి.

1986 ఆగస్టున గోదావరికి వచ్చిన వఱదను చూచినవారు ఇప్పటికిని దానితోనే తక్కిన వఱదలను కొలుతురు. ధవళేశ్వరము వద్ద ప్రవాహము 35 లక్షల క్యూసెక్కులు దాటినది. లంకలలోని జనము పిల్లలతో, పశువులతో ఏటిగట్టుల మీదికి చేరిరి. ఊరిలో ఎండు పుల్ల యన్నది లేదు. ఇంటింటి అటకల మీది కొబ్బరి డొక్కలను దింపించి అమ్మ పొయ్యి వెలిగింపజేసెను. అన్నము ఉడికిన పిదప యువకులు, ‘పొట్లాలు కట్టి చేతికిచ్చేస్తే అయిపోతుంది కదా పిన్నిగారూ, ఈ వానలో వడ్డన ఏమిటండీ’ అనిరి. వారి మాటయు అసమంజసము కాదు. అయినను ఆమె, ‘మొన్నటిదాకా ఎవరింట్లో వాళ్ళు వడ్డించుకుని తిన్నవాళ్ళు బాబూ. నిలబెట్టి చేతిలో పెడితే ఆ ముద్ద దిగదు. కూర్చోనివ్వండి’ అని, కొబ్బరిమట్టలు పఱపించి, ఆకులు వేయించెను.

ఇచట ఒక సంగతి దాచిపెట్టుట న్యాయము కాదు. మా యూరి సంతర్పణములలో బంతులు వేఱు వేఱుగా సాగెడివి. ఎవరు ముందు, ఎవరు వెనుక, ఎవరు పందిరి వెలుపల అనునది పుట్టుకనుబట్టి నిర్ణయమైయుండెడిది. ఊరి లోపల అమ్మ దానికి ఎదురు చెప్పినట్లు నేనెఱుగను. చెప్పియుండవలసినదని నేడు నాకనిపించును. కాని ఏటిగట్టు సన్నము, రెండు బంతులకు చోటు చాలదు. ఒకరిద్దఱు పెద్దలు గొణిగినప్పుడు ఆమె వాదమునకు దిగక, గట్టు వెడల్పును చేతితో చూపి, పప్పు గిన్నె ఎత్తుకొని మొదటి ఆకు వద్దకు పోయెను. నీరు తీయువఱకు ఆ గట్టుమీద ఒకటే బంతి నడచినది. ఆమె దానిని కావలెననియే చేసెనా, చోటు చాలకయే చేసెనా యని తరువాత అడిగితిని. ‘గట్టు ఎంతుందో నువ్వూ చూశావుగా’ అని నవ్వి ఊరకుండెను.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2024లో బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినది. పేరు పెట్టుట సులభమే గదాయని కొంత సంశయముతోనే ఈ మధ్య ఒక పల్లెలోని బడికి పోయితిని. పిల్లలు కంచములు ముందిడుకొని వసారాలో బారులు తీరి కూర్చుండిరి. వంట చేయు ఆయమ్మ అన్నపు గిన్నెతో వచ్చుచు, కంచము అంచున చేయి వ్రేలాడదీసి ఎటో చూచుచున్న ఒక బాలుని వద్ద ఆగి, వాడు నోరు విప్పకమున్నే రెండు గరిటెలు వేసి, సాంబారు పోసి కదలిపోయెను. తరువాత ఆమెను కలిసి, ఇది నీకెవరు నేర్పిరమ్మా యని అడిగితిని.

‘నేర్పేదేముందండీ, ఆడు పొద్దున్న తినకుండా వచ్చేడు’ అని, గ్రుడ్లు అందనివారెవరో చూచుటకు ఆమె రెండవ బారు వైపు వెడలిపోయెను.