బొగ్గులో సిరా

క్రీ.శ. 79లో వెసూవియస్ బద్దలైనప్పుడు ఇటలీలోని హెర్క్యులేనియంలో ఒక గ్రంథాలయం మాడి బొగ్గయింది. 1750 ప్రాంతంలో తవ్వకాల్లో దొరికిన ఆ పపైరస్ చుట్టలను విప్పబోతే తునకలుగా రాలిపోయేవి. విప్పకుండానే చదవాలని కెంటకీ విశ్వవిద్యాలయ కంప్యూటర్ శాస్త్రవేత్త బ్రెంట్ సీల్స్ ఏళ్ల తరబడి పట్టు వదలకుండా పనిచేశారు.

ఎక్స్‌రేలో లోపలి పొరలు తెలుస్తాయి గానీ సిరా తెలియదు. సిరా మసితో చేసింది, పపైరసూ మాడి కర్బనమే అయింది. మరి సిరా జాడ యంత్రానికి నేర్పడం ఎలా? ముందే జవాబు తెలిసిన నమూనా ఉండాలి. పూర్వం ఊడివచ్చిన తునకల పైముఖాన ఉన్న అక్షరాలు పరారుణ ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తాయి. సీల్స్ బృందం ఆ ఫొటోను అదే తునక ఎక్స్‌రే స్కాన్ మీద పొల్లుపోకుండా కుదిర్చి, ఇక్కడ సిరా ఉంది, ఇక్కడ లేదు అని యంత్రానికి చూపించింది. విశ్వవిద్యాలయాలు కంప్యూటర్ శాస్త్రవేత్తలూ పపైరస్ పండితులూ కలిసి చేసే ఇలాంటి ఉమ్మడి పరిశోధనలకు తొలి విడత నిధులు (సీడ్ గ్రాంట్లు) ఇచ్చేటప్పుడు, పెద్ద కంప్యూటర్ల కంటే ముందు ఈ ఓపిక పనికే డబ్బు కేటాయించాలని నా గట్టి అభిప్రాయం.

2023లో సీల్స్, ఆయన సహచరులు చుట్టల స్కాన్లను అందరికీ తెరిచి, చదవగలిగినవారికి బహుమతులు ప్రకటించారు. సిరా ఆరిన చోట ఉపరితలం ఎండిన చెరువు మట్టిలా సన్నగా నెర్రెలు విచ్చి ఉంటుందని పోటీలో పాల్గొన్న కేసీ హ్యాండ్‌మర్ కంటితోనే పట్టేశారు. ఆ ఆనవాలుతోనే ల్యూక్ ఫారిటర్ అనే విద్యార్థి తన కంప్యూటర్ మోడల్‌కు శిక్షణ ఇచ్చి, అక్టోబరు నాటికి ఒక చుట్టలోంచి ఒక మాట బయటికి తీశాడు. ఊదా రంగును చెప్పే గ్రీకు మాట అది.

ఈ పనితనంలో నన్ను కట్టిపడేసింది వాళ్లు పాటించిన నిగ్రహం. మోడల్‌కు ఒక్కసారికి చిన్న ముక్కే చూపిస్తారు. అక్షరం మొత్తం దాని చూపులో పడదు, గ్రీకు దానికి రాదు. అందుకే లేని అక్షరాన్ని ఊహించి గీసే ప్రమాదం బాగా తగ్గింది. సిరా ఉందో లేదో చెప్పడం వరకే దాని పని, చదవడం పపైరస్ పండితులది. ఇద్దరి హద్దులూ ఇంత శుభ్రంగా గీసుకున్న పరిశోధన అరుదు.

2024 ఫిబ్రవరిలో యూసెఫ్ నాదర్, ఫారిటర్, జూలియన్ షిల్లిగర్ 7 లక్షల డాలర్ల బహుమతి గెలిచారు. వాళ్లు చూపించింది ఆ చుట్టలో సుమారు 5 శాతమే. అది బహుశా గ్రీకు తత్వవేత్త ఫిలోడెమస్ రచన. కొరతగా దొరికే వస్తువు సమృద్ధిగా దొరికేదాని కంటే ఎక్కువ సుఖమిస్తుందా అని అందులో ఆయన తిండినీ సంగీతాన్నీ ఉదాహరణగా తీసుకుని తర్కిస్తున్నాడు.