అచ్చం అప్పటిలాగే

దాదాపు మూడు వందల ఏళ్ల నాటి సంగీతాన్ని "అచ్చం అప్పటిలాగే" వినిపిస్తామంటే నమ్మాలా, నవ్వాలా?

జర్మన్ స్వరకర్త బాక్ కూర్చిన 'మాథ్యూ పాషన్' ఏసుక్రీస్తు కడపటి రోజుల కథ. 1727లో లైప్‌జిగ్ చర్చిలో మొదటిసారి పాడారు. బాక్ పోయాక అది మరుగున పడింది. 1829లో మెండెల్సన్ అనే ఇరవై ఏళ్ల కుర్రాడు బెర్లిన్‌లో పెద్ద బృందంతో మళ్లీ పాడించాడు. ఇక అప్పట్నుంచీ ఎన్ని గొంతులు కలిస్తే అంత గొప్ప!

వియన్నాలో హార్నన్‌కోర్ట్ దంపతులకిది నచ్చలేదు. భర్త నికొలాస్‌ది చెల్లో, భార్య ఆలిస్‌ది ఫిడేలు. 1953లో స్నేహితుల్ని పోగేసుకుని సాధన మొదలెట్టారు. లోహపు తీగలు పోయి గొర్రె పేగుతో పేనిన తీగలు వచ్చాయి. శ్రుతి అర మెట్టు దిగింది. నలుగురి ముందుకూ రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఓపికంటే అదీ!

ఆ పద్ధతిలోనే 1970లో 'పాషన్' రికార్డు చేశారు. వింటుంటే, మసిబారిన దీపం చిమ్నీ తుడిచినట్టుంటుంది. ఏ వాద్యం ఎక్కడుందో చెవికి తెలుస్తుంది. అంతా బాగుంది గానీ, ఒక్క ఆడగొంతు లేదు! ఆ రోజుల్లో ఆ చర్చిలో ఆడవాళ్లు పాడలేదు కనక, ఇక్కడా వద్దన్నారు. పై స్థాయి పాటలన్నీ మగపిల్లలూ, ఆ స్థాయి సాధించిన మగవాళ్లే పాడారు.

పోనీ, నియమం నియమమే అందాం. మరి ఆ బృందంలో ఫిడేళ్లకు నాయకురాలెవరు? సాక్షాత్తూ ఆలిస్! బాక్ నాటి చర్చిలో ఏ ఇల్లాలు ఫిడేలు పట్టుకుని ముందు కూచుందట? ఆడదాని చెయ్యి పనికొచ్చింది, గొంతే పనికిరాలేదన్నమాట.

పిల్లల పాట బాగాలేదనను. ఆ లేత గొంతుల్లో జాలి ఉంది. కానీ గురువును ఎరగనని మూడుసార్లు బొంకిన పీటరు ఏడ్చాక, "దయ చూడవా" అనే పాట ఒకటొస్తుంది. పక్కనే ఫిడేలు వెక్కివెక్కి ఏడుస్తుంది. అక్కడ నాకు బతుకులో దెబ్బలు తిన్న ఆడగొంతు కావాలనిపించింది.

2000లో నికొలాస్ ఇదే 'పాషన్' మళ్లీ రికార్డు చేశాడు. ఈసారి ఆడవాళ్లు నిండుగా పాడారు. వాళ్లలో ఒకరు ఆ దంపతుల కూతురు ఎలిజబెత్. ఆ రెండోదే నా ఓటు. పేగు తీగలు మాత్రం అలాగే ఉన్నాయి.