వైర్‌మన్ పరీక్షకు గైడు చాలునా?

విద్యుత్ పనిని ఎవరు పడితే వారు చేయుటకు మన చట్టము అంగీకరింపదు. 1956 నాటి భారత విద్యుత్ నియమములలో 45వ నియమము ఈ కట్టుబాటును స్పష్టముగా చెప్పినది. 2003లో కొత్త విద్యుత్ చట్టము వచ్చిన పిమ్మట, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లోను, మరల 2023లోను ప్రకటించిన భద్రతా నిబంధనలు దానినే కొనసాగించినవి. వాటి సారాంశమిది: వైరింగు పనిని లైసెన్సు గల కంట్రాక్టరు చేపట్టవలెను, అర్హతాపత్రము గల సూపర్‌వైజరు దగ్గరుండి చేయించవలెను, పర్మిట్ గల వైర్‌మన్ దానిని చేయవలెను. అమెరికాలో మాస్టర్ ఎలక్ట్రీషియన్ అని పిలువబడు వానికి మన పద్ధతిలో దగ్గరగా వచ్చువాడు ఈ సూపర్‌వైజరు.

కావలి మొదలు ముత్తుకూరు వరకు గల నెల్లూరు తీరమున ఈ పరీక్షలకు సిద్ధమగు యువకులు రెండు తెగలుగా కనిపింతురు. రెండేండ్ల ఐ.టి.ఐ. ఎలక్ట్రీషియన్ చదువు ముగించినవారు కొందరు. పనిలోనే చేయి తిరిగినవారు మరికొందరు. ఇరువురికిని ఆధారము ప్రశ్నలు, జవాబులు గల గైడు పుస్తకమే. ఏ ఒక్క పుస్తకమునో, ఏ ఒక్క రచయితనో తప్పుపట్టుట ఈ వ్యాసపు ఉద్దేశము కాదు. ఈ జాతి పుస్తకములలో సామాన్యముగా కనిపించు గుణదోషములను పరిశీలించుటయే ఇచ్చట చేయదలచిన పని.

మొదట గుణములను చెప్పుట న్యాయము. ఓమ్ సూత్రము, సిరీస్, పారలల్ కలయికలు, మెట్లదారి దీపమునకు రెండు స్విచ్చుల వైరింగు, మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలము, ఎర్త్ తీగకు ఆకుపచ్చ — వీటిని ఈ పుస్తకములు పొందికగా అందించుచున్నవి. ఇంగ్లీషు పుస్తకము చేతబట్టుటకు జంకువానికి ఇది చిన్న సాయము కాదు. అయితే పరీక్ష గట్టెక్కించు జవాబు వేరు, పనిలో ప్రాణము కాపాడు జవాబు వేరు. ఈ రెండింటి నడుమ గల దూరము రొయ్యల గుంటల ఒడ్డున తేటతెల్లమగుచున్నది.

ఒక ప్రశ్న తీసికొందము. “ఎర్త్ గుంటలో ఉప్పు, బొగ్గు ఎందుకు వేయుదురు?” ఈ ప్రశ్న లేని గైడు అరుదు. జవాబు: బొగ్గు తేమను నిలుపును, ఉప్పు నేల నిరోధమును తగ్గించును. జవాబు తప్పు కాదు. కాని అది ఏ నేలను గూర్చి చెప్పిన మాట? నేలకు గల విశిష్ట నిరోధమును ఓమ్-మీటర్లలో కొలుతురు. 2.5 మీటర్ల పొడవు, 40 మిల్లీమీటర్ల వ్యాసము గల గొట్టమును పాతినపుడు దాని ఎర్త్ నిరోధము, ఆ విశిష్ట నిరోధపు సంఖ్యలో సుమారు మూడవ వంతు ఉండును. విశిష్ట నిరోధము 100 అయిన మెట్టనేలలో అది 35 ఓములు. 5 మాత్రమే అయిన ఉప్పునేలలో సుమారు 1.8 ఓములు. ఉదయగిరి వైపు రాతినేలలో ఉప్పు, బొగ్గు వేయుటకు అర్థము కలదు. సముద్రపు పాట్లు తగులు ఇస్కపల్లి, మైపాడు ప్రాంతపు నేలలో ఉప్పు ముందే ఉన్నది. అచట మరింత ఉప్పు వేసినచో నిరోధమున కలుగు లాభము స్వల్పము. జింకు పూత గల ఇనుప గొట్టము త్వరగా తుప్పుపట్టుట మాత్రము నిశ్చయము. నేడు మీటరుపై చక్కగా కనిపించిన 1.8 ఓములు, గొట్టమునకు తీగను బిగించిన బోల్టు తిని పోయిన నాడు ఎంత ఉండునో ఎవరును చెప్పలేరు. “ఉప్పు ఎందుకు వేయుదురు?” అను ప్రశ్నకు తోడుగా “ఎచ్చట వేయరాదు?” అను ప్రశ్నయు ఉండవలెను. గైడులు దానిని అడుగవు.

మోటారు చట్రమునకు రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండవలెనను నియమమును గూర్చియు ఇంతే. “ఎన్ని?” అను ప్రశ్నకు “రెండు” అని బట్టీపట్టిన అభ్యర్థి ఆ రెండింటిని ఒకే బోల్టు క్రింద బిగించును. ఆ బోల్టు తుప్పుపట్టిన నాడు రెండును ఒకేసారి పోవును. ఒకటి తెగినను రెండవది నిలుచుటకే రెండు అను కారణమును ఒక్క వాక్యములో చెప్పియుండిన ఆ పొరపాటు జరుగదు.

రెండవ దోషము మరింత లోతైనది. పెద్ద విద్యుత్కేంద్రమునకు అర ఓము, పెద్ద సబ్‌స్టేషనుకు 1, చిన్నదానికి 2, ఇతర చోట్ల 5 ఓములు అని ఒక పట్టిక గైడులలో తరచుగా కనిపించును. ముత్తుకూరు మండలము నేలటూరులో 800 మెగావాట్ల యూనిట్లు మూడు గల శ్రీ దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రమున్నది. దాని ప్రక్క గ్రామములోనే రెండు గుర్రపు శక్తుల ఏరియేటరు నీటిని చిమ్ముచుండును. రెండింటికిని పట్టికలో చెరి ఒక గడి. 5 ఓములున్నచో మనిషి క్షేమమేనని చదువరి నమ్ముచున్నాడు. లెక్క చూతము.

ఏరియేటరు లోపల ఒక ఫేజు చట్రమునకు తగిలినదనుకొందము. వోల్టేజి 230. చట్రము దగ్గరి ఎర్త్ 5 ఓములు, ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి న్యూట్రల్ ఎర్త్ మరియొక 5 ఓములు. తీగ నిరోధమును వదలివేసినచో ప్రవాహము 23 ఆంపియర్లు. ఆ వరుసలో 16 ఆంపియర్ల ఎం.సి.బి. ఉన్నదనుకొన్నచో ఇది దానికి 1.44 రెట్లు. ప్రమాణముల ప్రకారము 1.45 రెట్ల ప్రవాహమునకు అట్టి స్విచ్చు తెగుటకు ఒక గంట వరకు గడువున్నది. అంతసేపును చట్రము 23ను 5తో హెచ్చవేసిన 115 వోల్టుల వద్ద నిలుచును. మోకాలి లోతు నీటిలో నిలిచి తడిచేతితో దానిని పట్టుకొన్న కూలివాని శరీర నిరోధము సుమారు 1,000 ఓములనుకొన్నచో, అతని గుండా పోవునది 115 మిల్లీ ఆంపియర్లు. 10 దాటిననే చేయి వదలదు. 30 దాటి కొంతసేపు నిలిచినచో గుండె లయ తప్పును. పట్టిక ప్రకారము అంతయు సక్రమమే. మనిషి మాత్రము దక్కడు.

ఆ మనిషిని కాపాడునది 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. అది వెళ్ళు ప్రవాహమునకు, తిరిగి వచ్చు ప్రవాహమునకు గల భేదమును గుర్తించి క్షణములో సరఫరాను తెంచును. తడిచోట 25 వోల్టులే హద్దు అని పెట్టుకొన్నను, ఈ సాధనమున్నచో ఎర్త్ నిరోధము 800 ఓముల వరకు ఉండవచ్చునని ఓమ్ సూత్రమే చెప్పును. ఎర్త్‌ను అశ్రద్ధ చేయుమని దీని అర్థము కాదు. ఏ సంఖ్య దేనికొరకు పుట్టినదో తెలియవలెననియే. చాల చిన్న కనెక్షన్లను మినహాయించి ఇట్టి లీకేజి రక్షణ సాధనము ఉండి తీరవలెనని 2010 నిబంధనలే చెప్పినవి. గైడులు దాని నిర్వచనమును ఇచ్చి అంతటితో వదలివేయుచున్నవి.

తీరమున అసలు చిక్కు ఆ తరువాతనే మొదలగును. రాత్రి వేళ నీటిలోని నాచు ప్రాణవాయువును విడుదల చేయదు. తెల్లవారుజామున గుంటలో అది కనిష్ఠమునకు దిగును. ఆ గడియలో ఏరియేటర్లు ఆగినచో పంట అంతయు తేలిపోవును. 2009లో అనుమతి పొందిన వనామి రొయ్యను గుంటలో చిక్కగా పెంతురు గనుక భయము మరింత. పది ఏరియేటర్లకు ఒకే ఆర్.సి.సి.బి. పెట్టినారనుకొందము. ఉప్పుగాలికి ఒక్కొక్కదానిలో ఒకే ఫేజు నుండి 4 మిల్లీ ఆంపియర్లు కారినను మొత్తము 40. స్విచ్చు పడిపోవును. రైతు కేక వేయును. వైర్‌మన్ వచ్చి ఆర్.సి.సి.బి.ని తప్పించి నేరుగా తీగ కలుపును. ఇది రైతు దుర్మార్గము కాదు, వైర్‌మన్ మూర్ఖత్వము కాదు. అతనికి మరియొక దారి ఎవరును నేర్పలేదు. దారి ఉన్నది. ఒక్కొక్క ఏరియేటరుకు విడిగా 30 మిల్లీ ఆంపియర్ల సాధనము పెట్టి, పైన మొత్తమునకు కొంత ఆలస్యముగా తెగు 300 మిల్లీ ఆంపియర్ల సాధనము పెట్టినచో, చెడిన ఒక్కటే ఆగును, మిగిలిన తొమ్మిది తిరుగుచుండును. పంటయు దక్కును, మనిషియు దక్కును. సూపర్‌వైజరు పరీక్షకు ఇంతకన్న తగిన ప్రశ్న ఏది?

ఇతర దేశముల పద్ధతిని కూడ చూడవచ్చును. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున మాస్టర్ ఎలక్ట్రీషియన్ కాగోరువాడు ఒక మాస్టర్ పర్యవేక్షణలో 12,000 గంటలు పనిచేసి యుండవలెను. జర్నీమన్ లైసెన్సుతో రెండేండ్లు గడిపి యుండవలెను. పరీక్షలో ఆ దేశపు విద్యుత్ కోడ్‌ను తెరచి చూచుకొనవచ్చును. అచట జ్ఞాపకశక్తికి పరీక్ష లేదు. సరియైన నియమమును వెదకి పట్టి, ఎదుటి పరిస్థితికి అన్వయించుటకే పరీక్ష. 1897లో మొదట వెలువడిన ఆ కోడ్‌లో 2005 నుండి 682వ ప్రకరణము ఒకటి ఉన్నది. అది చేపల గుంటలు, ఏరియేషన్ గుంటలు మొదలగు జలాశయముల విద్యుత్ పనికై ప్రత్యేకించినది. మనకును ఎర్తింగుకు ఐ.ఎస్. 3043, వైరింగుకు ఐ.ఎస్. 732, వీటికి తోడు జాతీయ విద్యుత్ కోడ్ ఉన్నవి. గైడు చదివినవాడు వీటి పేర్లు వల్లించును. పుట తెరచి చూచిన సందర్భము అరుదు.

ఇక భాష. కొన్ని పుస్తకములు “భూసంధానము” అని వ్రాసి ఊరుకొనుచున్నవి. మరికొన్ని ఇంగ్లీషు వాక్యమును తెలుగు లిపిలోనికి దింపుచున్నవి. పనివాడు “ఎర్త్” అనుచున్నాడు. ఆ మాటనే ఉంచి, దాని వెనుకనున్న భావమును తేట తెలుగున విప్పినచో చాలును. మాట అరువుదైనను అవగాహన సొంతమగును.

మంచి గైడు పెద్దదిగా ఉండనక్కరలేదు. ప్రతి జవాబు క్రింద రెండు వాక్యములు చేర్చిన చాలును: ఈ సంఖ్య ఎందుకు వచ్చినది, ఇది ఎచ్చట చెల్లదు. ప్రతి అధ్యాయము చివర కొండనేలకు ఒకటి, కోస్తాకు ఒకటి చొప్పున లెక్కలుండవలెను. ప్రశ్నపత్రము కూర్చువారును “ఎన్ని?” అనుటకు బదులు “ఏల?” అని అడుగ మొదలిడినచో పుస్తకములు తామే మారును. పర్మిట్ కాగితము కంట్రాక్టరు ఫైలులో ఉండును. గుంటలోనికి దిగు కూలివానికి దానితో పని లేదు; అతనికి కావలసినది ఆ కాగితము పొందినవాని బుర్రలో నిలిచిన లెక్క.