మద్రాసు పబ్లిసిటీ ఆఫీసు

పబ్లిసిటీ డిజైనర్ ఈశ్వర్ 2,600 సినిమాల దాకా చేశారని చెబుతారు. 1967లో బాపు ‘సాక్షి’తో మొదలై నాలుగు దశాబ్దాల పాటు సాగిన పని అది. లెక్కేసి చూడండి, వారానికి ఒక సినిమా కంటే ఎక్కువే! పైగా సినిమాకొక బొమ్మ గీస్తే అయిపోదు. పేపరు ప్రకటనలు, పాటల పుస్తకం అట్ట, థియేటర్ స్లైడు, గోడలకు ఆరు షీట్ల పోస్టరు, సెంటర్లలో ఇరవైనాలుగు షీట్లది, సినిమా ఆడితే యాభై రోజులకు, వంద రోజులకు మళ్లీ కొత్తవి. ఇంత పని చేతి నైపుణ్యం ఒక్కదానితో తెమలదు, ఆఫీసు నడపడం తెలియాలి. ఈశ్వర్ కుంచెను మెచ్చుకున్నవాళ్లు బోలెడుమంది. ఆ పని నడిచిన తీరును మెచ్చుకున్నవాళ్లు నాకు కనబడలేదు.

ఆయనది పాలకొల్లు. మద్రాసు వెళ్లి, అప్పటికే పేరు మోసిన డిజైనర్ కేతా దగ్గర పని నేర్చుకున్నారు.

అప్పటి పబ్లిసిటీ పనికి ప్రాణం రఫ్. చిన్న కాగితం మీద హీరో ఎక్కడ, టైటిల్ ఎక్కడ, ఏ రంగు ముందుకు రావాలి అన్నీ తేల్చేసేవారు. నిర్మాత పేచీ ఏదైనా అక్కడే పెట్టాలి. పోస్టర్ కలర్ ఆరాక వెనక్కి తీసుకునే మీట లేదు మరి! ఆ తర్వాత స్టిల్‌ను పెద్దది చేయించి, నలుపు తెలుపు ముఖానికి రంగులద్దడం ఒక పని, టైటిల్ రాయడం ఇంకో పని. కొత్త కుర్రాడికి ముందు కుంచెలు కడగడం, గళ్లు గీయడం, గురువు గీసిన అక్షరాల లోపల రంగు నింపడం. ముఖం జోలికి వెళ్లనిచ్చేది అన్నిటికన్నా చివర.

టైటిల్ సంగతి చెప్పకుండా ఉండలేను. పోస్టరు మీద మనిషంత అక్షరం, పేపర్లో బొటనవేలంత అయినా అదే సినిమా అని తెలియాలి. పేపర్లో అచ్చేసే లైన్ బ్లాకులో బూడిదరంగు పలకదు, ఉంటే నలుపు, లేకపోతే తెలుపు. కాబట్టి రంగులన్నీ తీసేసినా నిలబడే అక్షరం రాయాలి. ఒత్తులు, గుణింతాలు కిందికీ పైకీ పాకే మన లిపిలో అది ఆషామాషీ కాదు. ఆరు షీట్ల పోస్టరుకైతే ఇంకో గండం: కాగితాల అతుకు కథానాయిక కళ్ల మీద పడకూడదు. అర్ధరాత్రి జిగురు బకెట్టుతో నిచ్చెనెక్కే మనిషి అంగుళం అటూ ఇటూ అంటిస్తాడని ముందే ఊహించి గీసినవాడే డిజైనరు. మరో పబ్లిసిటీ డిజైనర్ గంగాధర్ అభిమానులు కోప్పడినా సరే, ఈ ముందుచూపులో నేను కేతా, ఈశ్వర్ల పక్షమే.

ఇప్పటి సంగతి చూడండి. ఏజెన్సీల పేర్లు గొప్పగా ఉంటాయి, గోడల నిండా రంగురంగుల చీటీలుంటాయి. రఫ్ మాత్రం ఉండదు. పరాయిదేశపు పోస్టరొకటి దించుకుని మన హీరో తల అతికించడం, ఊరందరూ వాడే ఫాంటుకు తుప్పు రంగు పూసి టైటిల్ అనడం! అది నచ్చకపోతే వాట్సాప్‌లో ఇంకో ఆప్షన్, దాని మీద ఇంకోటి. ఏం కావాలో అడిగేవాడికీ తెలియదు, చేసేవాడికీ తెలియదు. తప్పు కంప్యూటర్‌ది కాదు. నిర్ణయం ముందు, పని తర్వాత అన్న వరస తప్పింది. రాత్రంతా కూర్చుని పదిహేనో మార్పు చేస్తున్న కుర్రాడిని చూస్తే జాలేస్తుంది. వాడికి అక్షరం దిద్దించిన గురువే లేడు.

ఈశ్వర్ ‘సినిమా పోస్టర్’ పుస్తకం రాసి నంది అందుకున్నారు. 2015కు రఘుపతి వెంకయ్య పురస్కారమూ వచ్చింది. 2021లో ఆయన వెళ్లిపోయారు. అవార్డులిచ్చాం, బాగానే ఉంది. చేత్తో గీసిన ఒరిజినళ్ల మాటేమిటి? ప్రెస్సుకు వెళ్లినవి వెళ్లినట్టే పోయాయి. పాత నిర్మాతల, డిస్ట్రిబ్యూటర్ల ఇళ్లలో అటకల మీద రఫ్‌లో, టైటిల్ కాగితాలో మిగిలి ఉంటే పాత సామాన్లవాడికి వేయకండి. ఏ లలితకళల కళాశాలకైనా ఇవ్వండి. పోస్టరు అడుగున ఇంతమంది పేర్లు వేసే నిర్మాతలు డిజైనరు పేరు కూడా చదవగలిగేంత పెద్ద అక్షరాల్లో వేయాలి.