మద్దెల నిజంగానే ఓడైతే?

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు" అని మన పెద్దలు ఒక సామెత చెబుతారు. మన బడి సాఫ్ట్‌బాల్ గ్రౌండు బాగాలేదని మేం నోరు తెరిస్తే చాలు, ఈ సామెత మా నెత్తిన పడుతుంది. సామెతలో తప్పు లేదు. తమ చేతకానితనానికి వస్తువు మీద నెపం పెట్టేవాళ్ళు ఉంటారు. నేనూ పెట్టాను. కానీ ఒక్కసారైనా ఎవరైనా ఆ మద్దెలను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారా? అది నిజంగానే ఓడైతే? ఈ వ్యాసం కోసం నేను చేసిన పని అదే. మద్దెలను తిప్పి చూశాను.

మా జట్టులో థర్డ్ బేస్ దగ్గర నిలబడే అమ్మాయి ఒకతె ఉండేది. పేరు రాయను, రాస్తే తిడుతుంది. నేల మీద దొర్లుతూ వచ్చే బంతిని పట్టడంలో ఆమెను మించినవాళ్ళు మాలో లేరు. పట్టేది, విసిరేది. కానీ ఆ బంతి ఫస్ట్ బేస్ చేరేసరికి పరుగెత్తే అమ్మాయి కాలు అప్పటికే బేస్ మీద ఉండేది. ఎప్పుడు చూసినా ఒక్క అడుగు తేడా. "చేతిలో బలం లేదు" అని మేమే అన్నాం. నేనూ అన్నాను. చివరికి ఆమెను వెనక ఔట్‌ఫీల్డ్‌కు పంపారు. సంక్రాంతి పండుగకు గ్రౌండులో వేసిన పందిరి విప్పిన తరువాతి వారం, పైకి లేచిన బంతిని చూస్తూ వెనక్కి పరుగెత్తి, పందిరి గుంజ పాతిన గుంటలో కాలు పెట్టింది. చీలమండ బెణికింది. మూడు వారాలు కట్టుతో నడిచింది. కట్టు విప్పాక ఇంట్లో, "ఆడింది చాలు, పదో తరగతి పరీక్షలు చూసుకో" అన్నారు. ఆమె మళ్ళీ గ్రౌండుకు రాలేదు.

ఆట తెలియని తల్లిదండ్రుల కోసం నాలుగు మాటలు. సాఫ్ట్‌బాల్ 1887లో అమెరికాలోని చికాగోలో పుట్టింది. ఒక క్లబ్బు గదిలో కొందరు ఒక బాక్సింగ్ గ్లవ్‌ను ముడిచి కట్టి బంతిగా చేసుకుని, కర్రతో కొట్టి ఆడారట. అంటే ఇది చేతికి దొరికినదానితో పుట్టిన ఆట, డబ్బున్నవాళ్ళ ఆట కాదు. 1996 నుంచి 2008 దాకా ఆడవాళ్ళ సాఫ్ట్‌బాల్ ఒలింపిక్స్‌లో ఉంది, టోక్యోలో మళ్ళీ ఆడారు. గ్రౌండులో నాలుగు మూలలు ఉంటాయి: హోమ్, ఫస్ట్, సెకండ్, థర్డ్. ఒక మూల నుంచి పక్క మూలకు 60 అడుగులు. నాలుగూ కలిస్తే చతురస్రం. మిగతా ఆటంతా ఈ చతురస్రం మీదనే నిలబడుతుంది.

ఫిబ్రవరిలో మేం మదురైలో ఒక బడితో ఆడడానికి పోయాం. వాళ్ళ గ్రౌండు మన గ్రౌండు కంటే గొప్పదేం కాదు. ప్రహరీగోడ ఒక పక్క కూలి ఉంది, కూర్చోవడానికి మెట్లు కూడా లేవు. కానీ ఆటకు అరగంట ముందు పది మంది అమ్మాయిలు వచ్చారు. ఇద్దరు బకెట్లతో నీళ్ళు చిలకరించారు. ఇద్దరు పాత కంచె వల ముక్క మీద రెండు టైర్లు కట్టి, దాన్ని గుండ్రంగా తిరుగుతూ ఈడ్చారు. మిగతావాళ్ళు తాడు పట్టుకుని కొలత వేశారు. పక్కకు కొలిచి ఊరుకోలేదు, హోమ్ నుంచి సెకండ్ బేస్‌కు అడ్డంగా కూడా కొలిచారు. నేను వింతగా చూస్తుంటే వాళ్ళలో ఒక చెల్లి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లే, "ఏం అక్కా, మీ ఊర్లో అడ్డం కొలవరా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. ఆ రోజు మా కొత్త థర్డ్ బేస్ అమ్మాయి, మన గ్రౌండులో ఎప్పుడూ ఆలస్యంగా విసురుతుందని మేం తిట్టే అమ్మాయి, ఇద్దరిని ఔట్ చేసింది.

తిరిగి వచ్చాక నేను, మరో ముగ్గురు కలిసి తాడూ టేపూ తీసుకుని మన గ్రౌండు కొలిచాం. పక్కలు నాలుగూ సరిగ్గా 60 అడుగులే. అబ్బా, సరిపోయిందనుకున్నాం. అప్పుడు అడ్డం కొలిచాం. తొమ్మిదో తరగతిలో పైథాగరస్ సిద్ధాంతం మనందరం వల్లె వేసినదే. పక్క 60 అడుగులైతే కర్ణం 84 అడుగుల 10 అంగుళాలు రావాలి. మనకు హోమ్ నుంచి సెకండ్ బేస్‌కు 81 అడుగులు వచ్చింది. ఫస్ట్ నుంచి థర్డ్‌కు 88న్నర. అంటే మనది చతురస్రం కాదు, నలిగిపోయిన చతురస్రం. లెక్కల పుస్తకంలో దాన్ని సమచతుర్భుజం అంటారు. పక్కలు సమానమే, మూలలు మాత్రం లంబకోణాలు కావు. ఎన్నేళ్ళుగానో 60 అడుగుల తాడు ఒక్కటే పట్టుకుని గీతలు వేస్తున్నాం కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

మూడున్నర అడుగులే కదా అంటారు. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్‌కు విసిరే ప్రతి బంతీ ఆ మూడున్నర అడుగులు ఎక్కువ పోవాలి. అంతలో పరుగెత్తే అమ్మాయి ఇంకో అడుగు వేస్తుంది. ఔటూ సేఫూ తేలేది ఆ ఒక్క అడుగులోనే. ఒక మ్యాచ్‌తో అంతా రుజువైందని నేను అనను. కానీ మేం ఒక అమ్మాయి చేతిని తప్పు పట్టినప్పుడు తాడును కూడా పరీక్షించి ఉండాల్సింది. మద్దెల ఓడు అని చెప్పే అవకాశం కూడా ఆమెకు రాలేదు, ఎందుకంటే మద్దెల సంగతి ఆమెకే తెలియదు.

రెండో తప్పు మట్టిది. మన గ్రౌండులో ఎక్కువ భాగం నల్లరేగడి. ఈ మన్ను మనకు కొత్త కాదు. మన పూర్వులు ఈ దక్షిణ దేశానికి వచ్చి ఇలాంటి నల్లనేలల్లోనే పత్తి వేసి నిలదొక్కుకున్నారు. మా తాత పల్లడం పక్కన పత్తి చేసినవారు. గ్రౌండు చూపిస్తే ఆయన నవ్వి, "పాపా, ఈ మన్ను మీద తడిలో కాలు పెడితే ఏడాదంతా గుర్తు పెట్టుకుంటుంది" అన్నారు. నిజమే. నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వేస్తుంది. అక్టోబరు, నవంబరు వానల్లో మనం అడ్డదారి అని గ్రౌండు మీదుగా నడుస్తాం. సైకిళ్ళు నడిపిస్తాం. ఆ అడుగులూ ఆ చక్రాల జాడలూ డిసెంబరులో రాళ్ళలా గట్టిపడతాయి. నేల మీద వచ్చే బంతి వాటికి తగిలి ఎటు ఎగురుతుందో దానికే తెలియదు. మా జట్టులో ముగ్గురికి మోచేతుల మీద మచ్చలు ఉన్నాయి.

అందుకే సాఫ్ట్‌బాల్ ఆడే లోపలి భాగంలో గడ్డి ఉంచరు, ఇసుకా బంకమన్నూ కలిపిన పొర వేస్తారు. బంకమన్ను ఎక్కువైతే నేల బండలా ఉంటుంది. ఇసుక ఎక్కువైతే కాలు జారుతుంది. ఒకసారి వేశాక వదిలేస్తే అదీ చెడుతుంది. రోజూ ఆట అయ్యాక బ్యాట్ పట్టి నిలబడే చోటా, బంతి విసిరే చోటా పడిన గుంటలు పూడ్చాలి. తడిపి, అణిచి, చదును చేయాలి. ఇంకొక సంగతి ఉంది. లోపలి మట్టిని ఊడ్చి ఊడ్చి గడ్డి అంచుకు తోస్తే అక్కడ సన్నగా గట్టు లేస్తుంది. చేనుకు గట్టు కావాలి, గ్రౌండుకు వద్దు. ఆ గట్టుకు తగిలిన బంతి నేరుగా ముఖం మీదికి లేస్తుంది. వాన నీళ్ళు కూడా బయటికి పోకుండా లోపలే నిలుస్తాయి. మన గ్రౌండులో ఆ గట్టు ఇప్పుడు నా బొటనవేలి ఎత్తు ఉంది.

మూడో తప్పు పందిళ్ళది. పండుగలకూ, పెళ్ళిళ్ళకూ, సభలకూ గ్రౌండు ఇస్తున్నారు. బడికి నాలుగు రూపాయలు వస్తాయి, వద్దని నేను చెప్పను. మన సంక్రాంతి పండుగ కూడా అక్కడే జరిగింది, నేను కూడా అక్కడే ముగ్గు వేసి బహుమతి తీసుకున్నాను. కానీ పందిరి వేసేటప్పుడు ఉన్న మనుషులు విప్పేటప్పుడు ఉండరు. గుంజలు పీకి, పైపైన ఇసుక పోసి పోతారు. పైకి చూస్తే పూడినట్టే ఉంటుంది, కాలు పెడితే జానెడు దిగుతుంది. కనిపించే గుంట కంటే కనిపించని గుంట చెడ్డది. మేకులు, తీగ ముక్కలు, గాజు పెంకులు వేరే. ఆ గాజు పెంకుల్లో మనం తాగి పారేసిన సోడా బుడ్లవి కూడా ఉన్నాయి. అవి పందిరివాళ్ళ మీద వేయలేం.

ఊళ్ళో వేరే గ్రౌండుకు పోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. ఊళ్ళలో ఖాళీ నేలలు ఏటేటా తగ్గుతున్నాయి. మదురైలో రాణి మంగమ్మ వేసవి మహలుగా చెప్పుకునే తముక్కం మహలు ఇప్పుడు గాంధీ మ్యూజియం. దానికి దగ్గరలోనే పేరు మోసిన తముక్కం మైదానం ఉండేది. అక్కడ ఇప్పుడు పెద్ద సమావేశ మందిరం కట్టారు. మందిరాలు అక్కర్లేదని కాదు. నేల తగ్గేకొద్దీ బడి లోపలి గ్రౌండు విలువ పెరుగుతుందని మాత్రం మనం గుర్తించాలి.

చట్టం కూడా మన పక్కనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఉండాల్సినవాటిలో ఆటస్థలాన్ని కూడా చేర్చింది. హరియాణాలో ఒక బడి ఆటస్థలం నేలను ఇతరులు ఆక్రమించిన కేసులో, ఆటస్థలం లేని బడి ఉండకూడదని 2023 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే ఆటస్థలం "ఉంది" అని రాస్తే కాగితం మీద సరిపోతుంది. ఎలా ఉంది అని అడిగేవాళ్ళు మనమే కావాలి.

అమెరికాలో అలా అడిగారు. అక్కడ 1972 నుంచి చదువులో, బడి ఆటల్లో ఆడ, మగ తేడా చూపకూడదని టైటిల్ నైన్ అనే చట్టం ఉంది. ఫ్లోరిడాలోని ఒక హైస్కూల్లో అబ్బాయిల బేస్‌బాల్ మైదానానికి దీపాలు, ఎలక్ట్రానిక్ స్కోర్‌బోర్డు ఉండేవి. అమ్మాయిల సాఫ్ట్‌బాల్ మైదానానికి అవి లేవు. అమ్మాయిల పక్షాన కోర్టుకు వెళితే 1997లో వాళ్ళకు అనుకూలంగా తీర్పు వచ్చింది. అప్పుడు ఆ స్కూల్ బోర్డు, డబ్బు లేదు కాబట్టి అబ్బాయిల సౌకర్యాలనే తగ్గించి ఇద్దరినీ సమానం చేస్తామంది. జడ్జి దానికి ఒప్పుకోలేదు. నాకు ఇది చాలా నచ్చింది. మేం కూడా అబ్బాయిల క్రికెట్ పిచ్ చెడగొట్టమని అడగడం లేదు. ఆ పిచ్‌కు రోజూ నీళ్ళు పడతాయి, రోలర్ తిరుగుతుంది. ఆ రోలర్ మా వైపు ఇరవై అడుగులు ఇవతలికి వస్తే చాలు.

విమర్శ చేసి ఊరుకుంటే అది సణుగుడు అవుతుంది. అందుకని నాలుగు పనులు చెబుతాను. ఒకటి, 85 అడుగుల తాడు ఒకటి కొని, 84 అడుగుల 10 అంగుళాల దగ్గర ముడి వేసి పీటీ గదిలో పెట్టాలి. గీతలు వేసిన ప్రతిసారీ రెండు కర్ణాలూ కొలవాలి. రెండు, ఆట అయ్యాక పది మంది ఇరవై నిమిషాలు నేల సరిచేసి ఇంటికి పోవాలి. ఏ రోజు ఎవరి వంతో ఒక నోటుబుక్కులో రాయాలి, అందులో మొదటి పేరు నాదే రాసుకోండి. మూడు, గ్రౌండు అద్దెకు తీసుకునేవాళ్ళ దగ్గర కొంత డబ్బు ముందే పట్టి ఉంచి, గుంటలు మట్టితో పొర పొరగా కూరి, నీళ్ళు పోసి, దిమ్మిసతో కొట్టాకే తిరిగి ఇవ్వాలి. నాలుగు, వాన పడిన రెండు రోజులు గ్రౌండు చుట్టూ తాడు కట్టాలి. టీచర్లు కూడా అడ్డదారిన నడవకూడదు. ఈ మాట రాసినందుకు క్షమించండి, కానీ జాడల్లో పెద్ద చెప్పులవి కూడా ఉన్నాయి.

ఈ నాలుగింటిలో పెద్ద ఖర్చుది ఏదీ లేదు. మదురై అమ్మాయిలు టైర్లతో చేసిన పని మనం చేయలేమా?

ఈ పత్రిక ప్రతి ఇంటికీ వస్తుంది కాబట్టి ఆ అమ్మాయి ఇంటికి కూడా వస్తుంది. ఆమె అమ్మానాన్నలకు ఒక మాట. అత్తా, మామా, మీ భయంలో తప్పు లేదు. గుంట ఉన్న చోట బిడ్డను ఆడనివ్వమని ఎవరూ అడగకూడదు. కానీ ఆమె పడింది ఆట వల్ల కాదు, మేమెవరం పూడ్చని గుంట వల్ల. పోయిన శనివారం మేం నలుగురం థర్డ్ బేస్‌ను పీకి, సరైన మూలలో మళ్ళీ పాతాం. ఔట్‌ఫీల్డ్‌లో పదకొండు గుంటలు వెతికి పూడ్చాం. పరీక్షలు అయ్యాక ఒక్క సాయంత్రం మీరే వచ్చి ఆ నేల మీద నడిచి చూడండి. బాగుందనిపిస్తేనే ఆమెను పంపండి. ఆమె చేతిలో బలం లేదని అన్న మాటను నేను వెనక్కి తీసుకోవాలి. అది థర్డ్ బేస్ దగ్గర నిలబడి, ఆమె ఎదుట చెప్పాలని ఉంది.

— 10వ తరగతి విద్యార్థిని