లేనిది చూసొచ్చినవాళ్లు

బస్సు ఇంకా సూర్యాపేట చేరలేదు, రిపోర్టు మాత్రం పూర్తయిపోయింది.

మా మేనకోడలు తణుకు వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు మూడో ఏడు చదువుతోంది. ఇండస్ట్రియల్ విజిట్ పేరు చెప్పి ఆ క్లాసు క్లాసంతా మొన్నామధ్య హైదరాబాద్‌లో దిగింది. పిల్లలు దాన్ని ఐవీ అంటారు. ముందు అద్దానికి కాలేజీ బ్యానరు, వెనక సీట్లలో డీజే పాటలు. ప్రోగ్రాం కాగితంలో ఒక పూట కంపెనీ, రెండు పూటలు రామోజీ ఫిలిం సిటీ, మధ్యలో ప్యారడైజ్ బిర్యానీ. దిగిన సాయంత్రం మేనకోడలు మా ఇంటికి భోజనానికొచ్చింది. పెరుగన్నం దగ్గర ఫోను నా ముందు పెట్టి, "మావయ్యా, ఈ రిపోర్టులో ఇంగ్లిషు కాస్త చూసిపెట్టవా" అంది.

చూశాను. సందర్శన ఎంతో ఉపయోగకరంగా జరిగిందట. కంపెనీ ఇంజనీర్లు విద్యార్థుల సందేహాలన్నీ ఓపిగ్గా తీర్చారట. సిలబస్‌కీ పరిశ్రమకీ ఎంత దూరముందో అందరికీ అర్థమైందట.

"మీరు వెళ్లేది రేపు కదే?"

"అవును. ఇది సీనియర్స్‌ది. తేదీ, కంపెనీ పేరు మార్చాం, అంతే. బస్సులోనే అయిపోయింది."

"మరి రేపు వెళ్లడం దేనికి?"

"ఫొటోలకి" అంది, ఏమాత్రం తడుముకోకుండా.

నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు. కాలేజీకి గుర్తింపు తనిఖీకని న్యాక్ వాళ్లొస్తారు, ఎన్‌బీఏ వాళ్లొస్తారు, ఫైలు అడుగుతారు. ఫైల్లో ప్రిన్సిపాల్ ఉత్తరం, కంపెనీ సరేనన్న ఈమెయిలు, తల్లిదండ్రుల సంతకాలు, హాజరు పట్టీ, బ్యానరు పట్టుకుని దిగిన గ్రూపు ఫొటో, అన్నిటికీ అడుగున రిపోర్టు ఉండాలి. ఇవన్నీ ఉంటే విజిట్ జరిగినట్టు. ఇవి లేకపోతే పిల్లలు అక్కడ ఏం నేర్చుకుని వచ్చినా జరగనట్టే లెక్క.

అదలా ఉంచి, అసలు సాఫ్ట్‌వేర్ కంపెనీలో చూడ్డానికి ఏముంటుంది? చక్కెర మిల్లుకి తీసుకెళ్తే చెరుకు ఇటునుంచి లోపలికి పోవడం, పంచదార అటునుంచి బయటికి రావడం కనిపిస్తాయి. నానక్‌రాంగూడలో అమెజాన్ 2019లో తెరిచిన భవనం సంగతి చూడండి. తొమ్మిదిన్నర ఎకరాల జాగా, 18 లక్షల చదరపు అడుగుల ఆఫీసు, 15 వేల మందికి పైగా కూర్చునే చోటు. విస్తీర్ణంలో ఆ కంపెనీకి ప్రపంచం మొత్తమ్మీద అంత పెద్ద భవనం ఇంకోటి లేదని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. అలాంటి చోట్లకి వెళ్లిన కుర్రాడికి కనిపించేవి బల్లలు, తెరలు, తెరల ముందు మనుషుల వీపులు. పని జరిగేది బుర్రలో. దానికి కిటికీ ఉండదు. ఇక సెక్యూరిటీ వాళ్లు ఫోను కెమెరా మీద స్టిక్కరు అంటించి, మెళ్లో విజిటర్ ట్యాగు వేసి, నడవా దాటనివ్వరు. తెరేసిన వేళకి గుడికెళ్లి, గంట కొట్టి వచ్చేసినట్టుంటుంది వ్యవహారం.

మా రోజుల్లో ఇలా కాదు అనబోతున్నానని మీకు తెలిసిపోయింది. అనే తీరతాను. ఎనభైల్లో మమ్మల్ని ఈసీఐఎల్‌కి తీసుకెళ్లారు. పశ్చిమ గోదావరి జిల్లా మొగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు 1967లో నిలబెట్టిన ఎలక్ట్రానిక్స్ సంస్థ అది. ఏఎస్ రావు నగర్‌లో ఇవాళ ఫ్లాటు కొనేవాళ్లలో ఆ ఏఎస్ రావు ఎవరో ఎందరికి తెలుసో! టీడీసీ-12, టీడీసీ-316 అని దేశంలో తయారైన తొలినాటి కంప్యూటర్లు ఈసీఐఎల్ పేరు మీదే వచ్చాయి. పాతవాళ్లకి ఈసీ టీవీ కూడా గుర్తుండాలి. కానీ నాకు గుర్తుండిపోయింది కంప్యూటరూ కాదు, టీవీ కాదు. పొడవాటి బల్ల ముందు కూర్చుని సోల్డరింగ్ చేస్తున్న ఒకావిడ. బోర్డు బోర్లా పెట్టి, రెసిస్టర్ కాళ్లు పైకి పొడుచుకొచ్చిన చోట ఐరన్ ఆనించి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు లెడ్డు తీగ ముట్టించేది. అది చుట్టూ పరుచుకుని మెరిసేది. కట్టర్‌తో కాళ్లు టక్కున తెంపి పక్కదానికి వెళ్లేది. ముందే లెడ్డు ముట్టిస్తే ఏమవుతుందండీ అని అడిగాను. ఆవిడ తలెత్తలేదు. "పైకి అంటుకున్నట్టే కనవడ్తది బాబూ, లోపల పట్టదు. ఇక్కడ పాసైతది. కొన్నోళ్ల ఇంటికి పోయినంక ఖరాబైతది" అంది.

విజిట్ అంటే అదీ. ఇప్పటికీ ఏ రేడియో విప్పినా ముందు ఆ కీళ్లే చూస్తాను. చేతికి మసి అంటని పనిని చూడ్డానికి వెళ్లడం దండగ, ఈ ఐవీలు ఎత్తేసి పిల్లల్ని ఒక వారం సెల్‌ఫోన్ రిపేర్ షాపులో కూర్చోబెట్టాలి అని రాసి ముగిద్దామనుకున్నాను.

మర్నాడు రాత్రి పిల్ల ఫోన్ చేసింది. కంపెనీ పేరు రాయొద్దంది. ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారట. హెచ్ఆర్ వాళ్ల స్లైడ్లు, క్యాంటీన్, పింగ్‌పాంగ్ బల్ల, అన్నీ అనుకున్నట్టే జరిగాయి. చివర్లో ఒక ఇంజనీరు వచ్చాడు. ఇలాంటి మామూలు కాలేజీలోనే చదివాడట. తెర మీద ఒక పేజీ చూపించాడు. వాళ్ల సర్వీసు ఒకటి ఒక రోజు కాసేపు ఆగిపోయింది. ఏ నిమిషంలో ఏమైంది, ఎవరికి మొదట కబురందింది, ఎందుకైంది, ఇకముందు కాకుండా ఏం చేస్తున్నారు అని వరసగా రాసుంది. "సందేహాలుంటే అడగండి" అన్నారు. మన హాళ్లలో ఆ మాట తర్వాత ఏం జరుగుతుందో తెలిసిందే, ఫ్యాన్ల చప్పుడు వినిపిస్తుంది. మా పిల్ల మాత్రం లేచి, "ఇంతకీ చేసిందెవరు సార్?" అని అడిగింది.

"అది ఇందులో రాయం అన్నాడు మావయ్యా. ఒక మనిషి ఒక్క కమాండు తప్పు కొడితే మొత్తం ఆగిపోయేలా ఉందంటే, ఆ మనిషిని పట్టుకుని ఏం లాభం, ఆగిపోయేలా ఎందుకుందో చూడాలి అన్నాడు. అక్కడ ఎవరూ ఎవర్నీ తిట్టరు తెలుసా? మా ల్యాబులో అయితేనా..."

నాకు నవ్వొచ్చింది. పద్ధతి నిజమైందే. పోస్ట్‌మార్టం అంటారు. గూగుల్ ఇంజనీర్లు తమ పనితీరు మీద 2016లో తెచ్చిన పుస్తకంలో దానికి ఒక అధ్యాయమే ఉంది. తప్పు ఎవరిదన్న ప్రశ్న పక్కనపెట్టి, ఎలా జరిగిందన్నదే రాసుకుంటారు. అలా అయితేనే జనం దాచకుండా చెబుతారని. కానీ కాగితం మీద పేరు లేకపోవడం వేరు, ఎవరూ ఎవర్నీ తిట్టకపోవడం వేరు. మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కలిసే కుర్రాళ్ల మొహాలు అప్రైజల్ నెలలో చూస్తుంటాను కదా. పేజీలో పేరుండదు అంకుల్, ఫ్లోరంతా తెలుస్తుంది అని వాళ్లలో ఒకడే చెప్పాడు. ఈ పిల్ల లేనిది చూసొచ్చింది. ఆ మాటే చెప్పబోయి ఆగాను. నన్ను ఆపినవాడు ఆపిల్ ఇంజనీరు బిల్ ఆట్కిన్సన్.

కంప్యూటర్ల చరిత్రలో అన్నిటికన్నా పేరుపడ్డ ఐవీ 1979 డిసెంబరులో జరిగింది. కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జెరాక్స్ కంపెనీకి పార్క్ అనే పరిశోధనా కేంద్రం ఉండేది. కాపీ మిషన్ల మీద సంపాదించిన డబ్బుతో అక్కడ ఆల్టో అనే కంప్యూటరు తయారుచేసుకున్నారు. మౌసు, తెర మీద విండోలు, బొమ్మలు, అన్నీ అప్పటికే దానికున్నాయి. బయట అమ్మేవాళ్లు కాదు. 24 ఏళ్ల స్టీవ్ జాబ్స్ తన ఆపిల్ బృందాన్ని వెంటేసుకుని చూడ్డానికెళ్లాడు. ఉత్తినే కాదు. ఇంకా స్టాక్ మార్కెట్‌కి రాని ఆపిల్‌లో లక్ష షేర్లు పది లక్షల డాలర్లకి జెరాక్స్ కొనుక్కోనిచ్చి, బదులుగా లోపలికి వెళ్లాడు. అంత ప్రవేశ రుసుం కట్టిన ఐవీ ఇంకోటి ఉండదు. అక్కడ స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష బృందంలో ఉన్న ఎడెల్ గోల్డ్‌బర్గ్ అనే ఆవిడ చూపించనని భీష్మించింది. ఇల్లు దోచిపెట్టడమే అని వాదించింది. పైవాళ్లు ఆర్డరు వేస్తేగానీ ఒప్పుకోలేదు. లారీ టెస్లర్ మౌసు పట్టుకుని చూపించాడు. మన కట్, కాపీ, పేస్టులకి మూలపురుషుల్లో ఒకడాయన. జెరాక్స్ పెద్దలకి ఏళ్ల తరబడి చూపించినా అర్థం కానిది ఆపిల్ వాళ్లకి గంటలో అర్థమైందని ఆశ్చర్యపోయి, మరుసటి ఏడాది ఆపిల్‌లోనే చేరిపోయాడు.

అంతవరకూ అందరికీ తెలిసిన కథే. నాకు ఇష్టమైన భాగం తర్వాతది. ఆ రోజు నాకు మూడు చూపించారు, మొదటిదానికే కళ్లు చెదిరి మిగతా రెండూ నాకు కనిపించనే లేదు అని జాబ్స్ 1995లో ఒక ఇంటర్వ్యూలో చెప్పుకున్నాడు. కనిపించింది తెర మీది బొమ్మలు, విండోలు. కనిపించనివి ఆబ్జెక్ట్ ప్రోగ్రామింగ్, వందకు పైగా కంప్యూటర్లని కలిపిన నెట్‌వర్కు. ప్రపంచాన్ని తర్వాత ఊపేసినవి కళ్లముందే ఉన్నా కనబడలేదు. ఉన్నది చూడకపోవడం ఇది.

లేనిది చూడ్డం ఆట్కిన్సన్ వంతు. న్యూరోసైన్సులో పీహెచ్‌డీ మధ్యలో వదిలేసి 1978లో ఆపిల్‌లో చేరినవాడు. ఆ డెమోలో తెర మీద విండోలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. కింద సగం కప్పబడిపోయిన విండోలో కూడా, బయటికి కనిపించే ముక్క మేరకు గీతలు మారుతుండడం చూశాననుకున్నాడు. ఇంటికొచ్చి దాన్ని ఎలా చెయ్యాలా అని తల బద్దలుకొట్టుకున్నాడు. పై విండో మూలలు కింది విండోని అడ్డదిడ్డంగా కోస్తాయి. మిగిలిన వంకర ముక్కని కంప్యూటరు గుర్తుపెట్టుకోవాలి, దాని గీత దాటకుండా బొమ్మ గియ్యాలి, అదీ అప్పటి నత్తనడక చిప్ మీద. చేశాడు. రీజియన్స్ అని పేరు పెట్టాడు. 1983లో లిసా, 1984 జనవరిలో మెకింతోష్ అనే ఆపిల్ కంప్యూటర్లు ఆ పనితనం మీదే నిలబడ్డాయి. మధ్యలో ఒకసారి కారు ప్రమాదమై ఆసుపత్రిలో పడితే, కంగారుగా వచ్చిన జాబ్స్‌తో ఆయన మొదట అన్నది రీజియన్స్ ఇంకా గుర్తున్నాయి, భయపడకు అనే.

తీరా తర్వాత తెలిసిందేమిటంటే, పార్క్ వాళ్ల యంత్రం ఆ పని చేసేదే కాదు! అన్నిటికన్నా పైనున్న విండోలోనే అది గీయగలిగేది. అది కుదరదని నాకు తెలియదు కాబట్టే చెయ్యగలిగాను అని ఆట్కిన్సన్ చెప్పేవాడు. ఆ రోజు పక్కన ఎవరైనా నాలాంటి పెద్దమనిషి కూర్చుని "బాబూ, నువ్వు చూసింది అక్కడ లేదు" అని జ్ఞానం బోధించి ఉంటే?

అందుకని నోరు మూసుకున్నాను. సోల్డరింగ్ ఆవిడ నాకు చూపించింది ఉన్నది. అది నాతో ఉండిపోయింది, కానీ దానితో నేను చేసింది రేడియోలు విప్పడం వరకే. దాన్ని ఏమీ అనను, విప్పడం మంచి పనే. అయితే ఇరవై ఏళ్ల పిల్ల అద్దాల మేడలోకెళ్లి, అక్కడ మనుషులు తప్పుని తప్పుగానే చూస్తారు, మనిషిని తిట్టరు అని నమ్మి బయటికొస్తే, ఆ నమ్మకం ఎంతవరకు నిజమో కొలవడం నా పని కాదనిపించింది. తిరిగి తీసుకెళ్లేది తన కాలేజీకే కదా. కాబట్టి బస్సులు కట్టించి పంపండి. బ్యానరు కట్టండి, బిర్యానీ పెట్టించండి. సెల్‌ఫోన్ రిపేర్ షాపు మాట కూడా నేను వదులుకోను. అది ఇంకో వారం.

నిన్న మళ్లీ ఫోను. ల్యాబు తలుపు పక్కన మేకుకి ఒక లాంగ్ నోట్‌బుక్ వేలాడదీశారట. ప్రోగ్రాం పేలినా, ప్రాజెక్టు డెమోలో స్క్రీను నల్లబడినా, ఎవరో పొరపాటున ఎదుటివాళ్ల ఫోల్డరు చెరిపేసినా అందులో రాయాలి. టైము, ఏమైంది, ఎందుకు, మళ్లీ కాకుండా ఏం చెయ్యాలి. పేరు రాయకూడదు. మొదటి రోజు ఎవరూ ముట్టుకోలేదు. రెండో రోజుకి మూడు పేజీలు నిండాయి, ఒకటి రాసింది మేడమ్ అని అనుమానమట. ఇంతలో ల్యాబ్ అసిస్టెంట్ గారు పట్టుకున్నారు. ల్యాబులో ఏ కాగితం మీదైనా రోల్ నంబరు ఉండి తీరాలి, లేకపోతే రేపు న్యాక్ వాళ్లకి ఆయన ఏం చెప్పుకోవాలి?

"ఏం చెయ్యమంటావు మావయ్యా?"

"ప్రతి పేజీ మీదా క్లాసు రోల్ నంబర్లన్నీ రాసెయ్యండే."

"అరవై ఆరూనా?"

"అరవై ఆరూ. ఆయన గొడవ తీరిపోతుంది, మీ గొడవా తీరిపోతుంది."

కాసేపు ఆలోచించింది. "చేత్తో ఎవరు రాస్తారు మావయ్యా" అంది, "జిరాక్స్ తీయించి అంటించేస్తాంలే."