రామగిరి: స్థలపురాణము, కావ్యభూగోళము

శ్రావణమాసమున రామగిరి దుర్గమునకు ఒకదినయాత్ర చేయుట గోదావరిఖని, రామగుండము ప్రాంతముల జనులకు పరిపాటి. ఓషధులకై వచ్చువారు, కోట చూడవచ్చువారు, ఊరక గుట్ట యెక్కి దిగువారు బేగంపేట చేరి అచ్చటనుండి పైకి సాగుదురు. గత శ్రావణమున మేమును పరిశోధక విద్యార్థులతో ఆ దారినే పోయితిమి. సింగరేణి గనులలో చిరకాలము పనిచేసి విశ్రాంతి గొన్న యొక వృద్ధుడు మాకు దారి చూపుటకు వచ్చెను. ఇట్టి మార్గదర్శుల పలుకులను సాహిత్యముగా నెంచి విమర్శించు అలవాటు మనకు తక్కువ. ఆ కొఱత తీర్చుట యీ వ్యాసముననే సాధ్యమని కాదు. ఆనాడు నేను విన్న రెండు కథనములను పోల్చి చూచుటయే నా పని.

వృద్ధుని కథ నడకతోపాటు సాగును. దారి మలుపు తిరిగినచోట కథయు మలుపు తిరుగును. ఆయాసము వచ్చినచోట ఆగును. తాను ‘బాయి’ దిగిన యేండ్లను లెక్కపెట్టినట్లే రాముని వనవాసపు యేండ్లను వేళ్లపై లెక్కపెట్టెను. సీతమ్మ స్నానమాడిన కొలనని ఒకచోట నిలిపినపుడు, దీనికి ఆధారమేమని ఒక విద్యార్థిని అడిగెను. “మా తాతలు చెప్పిందే బిడ్డా, నేను జూసింది గాదు” అని అతని సమాధానము. విన్నదానిని, చూచినదానిని వేఱుచేసి చెప్పిన ఈ యొక్క వాక్యము ఆ దినమున మా పండితవర్గమునుండి వెలువడిన మాటలకంటె శాస్త్రీయమైనది.

ఏలయన, ఆ కొలను చూడగనే మాలో నొకరు కాళిదాసు మేఘసందేశమునందలి రామగిరి యిదియేయని ప్రకటించిరి. జనకతనయ స్నానముచే పావనమైన జలములు, చిక్కని నీడల చెట్లు, కావ్యారంభమున నున్నవన్నియు ఇచ్చట కలవట. ఈ మాట క్రొత్తది కాదు. అయినను విద్యార్థులు దానిని వెంటనే వ్రాసికొనుట నన్ను కలవరపెట్టినది. వృద్ధుని మాట వినికిడిగానే మిగులును. మన మాట సిద్ధాంతవ్యాసములోనికి పోవును.

సీతమ్మ స్నానమాడిన చోటు ఒక్కటియే యున్నచో ఈ వాదమునకు కొంత బలముండెడిది. భద్రాచలము చేరువనున్న పర్ణశాలలోను సీతవాగు కలదు. ఇక వ్యాఖ్యాతల మాట. మెదకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి రామగిరి యనగా చిత్రకూటమని వ్రాసెను. తెలుగువాడైన ఆయన యీ గుట్ట నెత్తలేదు. ఆధునికులలో వా. వి. మిరాశీ నాగపురము దగ్గఱి రామటేకని వాదించెను. చిత్రకూటపక్షమునకు చిక్కు లేకపోలేదు: అది నర్మదకు ఉత్తరమున నున్నది గనుక మేఘము వెనుకకు మరలి రావలసివచ్చును.

ఈ మతభేదము లట్లుండగా కావ్యమునే అడిగి చూతము. మన రామగిరి గోదావరికి దక్షిణమున నున్నది. ఇచ్చటనుండి ఉత్తరమునకు కదలిన మేఘము మొట్టమొదట దాటవలసినది గోదావరి. రేవను, వేత్రవతిని, నిర్వింధ్యను, సిప్రను, గంభీరను, చర్మణ్వతిని పేరుపేరున తలచి, ఏఱులను సైతము నాయికలుగా భావించి, మేఘమును నిలిపి నీరు త్రాగించిన కవి, గోదావరిని మాత్రము మాటమాత్రమైన అనక దాటించునా? ఇంతకు మించిన అంతస్సాక్ష్యము అక్కఱలేదని నా తలపు.

కాళిదాసును అరువు దెచ్చుటలో మఱియొక నష్టము కలదు. గుట్ట సొంత చరిత్ర మఱుగుపడును. 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనము రెండవ ప్రోలరాజు మంత్రకూటపు గుండనిపై సాధించిన విజయమును చెప్పుచున్నది. మంత్రకూటము ఇచ్చటి మంథనియే యని కొందఱందురు. కృష్ణామండలమున వెదకినవారును గలరు. ఆ వివాదము తేలునంతవఱకు దానిని రామగిరికి ముడిపెట్టుట తొందరపాటగును. 1656 నాటి సంగతి యట్లు కాదు. గోలకొండను ముట్టడించిన ఔరంగజేబుతో సంధి కుదిరినపుడు అబ్దుల్లా కుతుబ్‌షా తన కుమార్తెను ఔరంగజేబు కొడుకైన మహమ్మదు సుల్తానునకిచ్చి పెండ్లి చేసి, రామగిరి సీమను మొగలులకు వదలుకొనెను. రాజధాని దక్కుటకు చెల్లించిన వెలలో ఈ గుట్టయు నొక భాగము. బురుజులకడ నిలిచి ఈ మాట ఎవరును చెప్పలేదు. నాకును దిగునపుడు గాని తోచలేదు.

కోటపైనుండి చూచిన ఓపెన్‌కాస్టు గనుల మట్టిగుట్టలు కనబడును. బొగ్గుకై తవ్వి పోసిన ఆ మట్టి దూరమునుండి కొండలవలెనే యున్నది. అచ్చటచ్చట పచ్చదనము కూడ కలదు. ఒక విద్యార్థి వానిలో నొకదానిని చూపి, ఆ గుట్ట పేరేమని యడిగెను. వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, “దానికి పేరు లేదు బిడ్డా. అది నేను జూస్తుండంగనే లేసింది” అనెను.

ఇది విన్నమాట కాదు, చూచినమాట. దీనిని ఎవరును వ్రాసికొనలేదు.